విషాద నాయకుడి పతనానికి మూలం లోపమేనా?

నాటకం ముగిసేసరికి ప్రాణాలు కోల్పోయిన ప్రతి పాత్రనూ విషాద నాయకుడని అనలేము. ‘హామ్లెట్‌’లో పొలోనియస్ తెర వెనక నక్కి కత్తిపోటుకు గురవుతాడు. ఒఫీలియా మతి చలించి నీటిలో మునిగిపోతుంది. ‘కింగ్ లియర్‌’లో కొర్డీలియాను చెరసాలలో ఉరితీస్తారు. వీరందరి మీదా మనకు జాలి కలుగుతుంది, కొర్డీలియా విషయంలో ఆ జాలి భరించరానంత తీవ్రంగా ఉంటుంది. అయినా ఆ నాటకాల భారాన్ని మోసేది వారు కారు. మరోవైపు గ్రీకు నాటకాలకు వస్తే ఈడిపస్ తన నాటకం చివర బతికే ఉంటాడు, ‘ఆంటిగొని’లో క్రియాన్ కూడా బతికే ఉంటాడు, మెడియా అయితే సూర్యుడు పంపిన రథమెక్కి అందరికీ అందకుండా వెళ్ళిపోతుంది. కాబట్టి మరణం విషాద నాయకత్వానికి గుర్తు కాదు, అనుభవించిన బాధ ఎంతన్నది దానికి కొలత కూడా కాదు.

మరి ఆ గుర్తు ఏమిటన్న ప్రశ్నకు పాఠ్యపుస్తకాలలో తరచుగా కనిపించే జవాబు ఒకటుంది. ఉన్నత స్థానంలో ఉన్న మంచివాడు, అతనిలో ఒక లోపం, ఆ లోపం వల్ల పతనం, పతనం వల్ల ప్రేక్షకులకు జాలి, భయం. హామ్లెట్‌ లోపం తాత్సారం, ఒథెల్లో లోపం అసూయ, మాక్బెత్ లోపం అత్యాశ, ఈడిపస్ లోపం అహంకారం అంటూ ఒక్కో నాయకుడికి ఒక్కో చీటీ అంటిస్తే పని పూర్తయినట్టే లెక్క. ఈ పద్ధతి గుర్తుపెట్టుకోవడానికి సులువుగా ఉంటుంది కాబట్టే ఇంతకాలం నిలిచింది. కానీ దీనితో చదివినప్పుడు మహత్తరమైన నాటకం ఒక నీతికథ స్థాయికి కుంచించుకుపోతుంది. అసూయ పడకూడదు, అత్యాశ పనికిరాదు అని చెప్పడానికి ఐదు అంకాలు అవసరం లేదు. విషాద నాయకుణ్ణి తయారుచేసేది అతనిలో దాగిన లోపం కాదనీ, అతను చేసే పని అనీ, ఆ పని అతనిలోని శ్రేష్ఠమైన గుణం నుంచే పుట్టి అతన్నే కూల్చడమనీ, కూలిన తరవాత అది తన చేతి పనేనని అతను తెలుసుకోవడమనీ నా అభిప్రాయం. దానిని నిరూపించాలంటే ఈ చర్చ మొదలైన చోటికే వెళ్ళాలి.

క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలో అరిస్టాటిల్ రాసిన ‘పొయెటిక్స్‌’లో విషాద నాయకుడు అన్న పదబంధం ఎక్కడా లేదు. ఆయన దృష్టి అంతా ఇతివృత్తం మీద ఉంది. ఇతివృత్తమే విషాదాంత నాటకానికి, అంటే ట్రాజెడీకి, ప్రాణమనీ, పాత్రల స్వభావం దాని తరవాతి స్థానంలోనిదనీ, పని లేకుండా ట్రాజెడీ ఉండదు గాని స్వభావ చిత్రణ లేకుండా ఉండవచ్చుననీ ఆరో అధ్యాయంలో స్పష్టంగా చెప్పాడు. మనం నాయక లక్షణంగా భావించే మాటలు వచ్చేది పదమూడో అధ్యాయంలో. అక్కడ కూడా ఆయన నాయకుణ్ణి వర్ణించడం లేదు, ఎటువంటి మనిషికి ఎటువంటి మార్పు జరిగితే జాలి, భయం కలుగుతాయని అడుగుతూ పొసగని వాటిని ఒక్కొక్కటిగా తోసిపుచ్చుతున్నాడు.

సర్వోత్తముడైన మనిషి సుఖస్థితి నుంచి దుఃఖంలోకి జారిపోతే మనకు కలిగేది జాలీ కాదు, భయమూ కాదు, ఇది అన్యాయమన్న రోత మాత్రమే. దుర్మార్గుడు కష్టాల నుంచి సుఖాల్లోకి ఎక్కిపోతే అందులో ట్రాజెడీకి సంబంధించినదేదీ లేదు. దుర్మార్గుడు పతనమైతే న్యాయం జరిగిందన్న తృప్తి ఉంటుంది గాని, తగినశాస్తి జరిగినవాడి మీద జాలి పుట్టదు, మనవంటివాడు కాని వాడికి జరిగినదాన్ని చూసి మనకు భయమూ వేయదు. ఎందుకంటే జాలి కలిగేది అర్హత లేని కష్టాన్ని చూసినప్పుడు, భయం కలిగేది మనవంటివాడికి కష్టం వచ్చినప్పుడు. ఈ మూడింటినీ తీసివేస్తే మిగిలేది నడిమి మనిషి. అతను మంచిలో అందరినీ మించినవాడు కాడు, నీచుడూ కాడు, మంచి పేరూ సంపదా ఉన్నవాడు, చెడ్డతనం వల్ల కాక ఒక ‘హమార్షియా’ వల్ల పడిపోయినవాడు. ఉదాహరణగా ఈడిపస్ పేరు, థయస్టీస్ పేరు చెప్పి అరిస్టాటిల్ ముందుకు సాగిపోయాడు.

చిక్కంతా ఈ ఒక్క మాట దగ్గర మొదలైంది. హమార్షియా అంటే స్వభావంలో ఉన్న నైతిక దోషమా, లేక చేసిన పనిలో దొర్లిన పొరపాటా? అరిస్టాటిల్ దానిని చెడ్డతనానికి ఎదురుగా నిలబెట్టాడన్న సంగతి గమనిస్తే మొదటి అర్థం నిలవడం కష్టం. తన నీతిశాస్త్ర గ్రంథం ‘నికొమాకియన్ ఎథిక్స్‌’లో ఆయన ఒకరి వల్ల మరొకరికి జరిగే హానిని మూడు విధాలుగా విడదీశాడు. ఎవరూ ఊహించలేని విధంగా జరిగితే అది దురదృష్టం. ఊహించగలిగినదే అయినా దురుద్దేశం లేకుండా జరిగితే అది పొరపాటు. తెలిసి చేస్తే అది అన్యాయం. నాటక చర్చలో వాడిన మాటకు దగ్గరి బంధువైన మాటనే మధ్యదానికి వాడాడు. కానీ ఐరోపాలో పునరుజ్జీవన కాలం నుంచి వ్యాఖ్యాతలు ఆ మాటలో నైతిక దోషాన్ని చూడడం మొదలుపెట్టారు. శిక్షకు తగిన తప్పు ఉండితీరాలని కోరుకునే మనసుకు ఆ అర్థం ఎంతో హాయిగా ఉంటుంది. మనిషికి అంత కష్టం వచ్చిందంటే వాడేదో చేసే ఉంటాడన్న భరోసా అందులో దొరుకుతుంది. 1966లో గ్రీకు సాహిత్య పండితుడు ఇ. ఆర్. డాడ్స్ ఒక వ్యాసంలో, తన విద్యార్థులు ఈడిపస్ కథను ఇలా దోషానికి శిక్షగా చదవడాన్ని పట్టుకుని, అది నాటకాన్ని అపార్థం చేసుకోవడమేనని గట్టిగా వాదించాడు.

ఈడిపస్ విషయంలో ఆ వాదం ఎంత బలమైనదో నాటకంలోకి వెళితే తెలుస్తుంది. తండ్రిని చంపి తల్లిని పెళ్ళాడతావని డెల్ఫీలో దైవవాక్కు విన్న యువకుడు, తాను తల్లిదండ్రులనుకుంటున్న వారికి హాని కలగకూడదని కోరింత్ నగరాన్నే విడిచిపెట్టాడు. ఇందులో లోపం ఏముంది? మూడు దారులు కలిసిన ఒకచోట తన మీద దెబ్బ వేసిన ముసలివాణ్ణి ఎదురుదెబ్బతో చంపాడు. అది కోపమే, కానీ ఆ కాలపు ప్రేక్షకుల దృష్టిలో దాడికి ఎదురుదాడి. స్ఫింక్స్ అనే రాక్షసి వేసిన పొడుపుకథను విప్పి థీబ్స్‌ను కాపాడాడు. కృతజ్ఞతతో ఆ నగరం సింహాసనాన్నీ, వితంతువైన రాణినీ అతనికి ఇచ్చింది. ఇదంతా నాటకం మొదలుకావడానికి ఎంతోకాలం ముందు జరిగిపోయింది. నాటకకర్త సోఫోక్లీస్ రంగస్థలం మీద చూపించినది ఇది కాదు. నగరంలో మహమ్మారి ప్రబలింది, పాత రాజు లేయస్‌ను చంపినవాణ్ణి వెళ్ళగొడితేగాని అది పోదని దైవవాక్కు వచ్చింది, ఈడిపస్ ఆ హంతకుణ్ణి వెతకడానికి పూనుకున్నాడు. నాటకమంతా ఆ వెతుకులాటే.

అక్కడినుంచి ప్రతి అడుగూ అతను స్వయంగా వేసినదే. హంతకుడు తన ఇంట్లోనే ఉన్నా సరే శాపం తగలాలని అందరి ముందూ ప్రకటించినది అతనే. అంధ ప్రవక్త టైరీసియస్ నోరు విప్పనంటే బలవంతాన విప్పించినది అతనే. భర్తను బెంగ నుంచి తప్పించాలని జొకాస్టా, దైవవాక్కులు నిజం కావనడానికి రుజువుగా లేయస్ మూడు దారులు కలిసేచోట దొంగల చేతుల్లో చనిపోయాడని చెబుతుంది. ఆ మూడు దారుల ప్రస్తావనే అతని గుండెలో మొదటి కలవరం పుట్టిస్తుంది. కోరింత్ నుంచి వచ్చిన దూత, పాలిబస్ రాజు సహజంగానే చనిపోయాడనీ, ఇక భయం అక్కర్లేదనీ, అసలు ఈడిపస్ ఆయన కన్నకొడుకే కాదనీ చెబుతాడు. ఊరట కలిగించాలని చెప్పిన మాటే నిజాన్ని బయటపెట్టే మాట అవుతుంది. అరిస్టాటిల్ ఎంతో మెచ్చుకున్న మలుపు ఇదే. ఒక ఫలితం కోసం చేసిన పని సరిగ్గా దానికి విరుద్ధమైన ఫలితాన్ని ఇవ్వడం, అదే క్షణంలో తెలియనిది తెలిసిపోవడం, ఈ రెండూ ఒక్కచోట కలవడం ఉత్తమ ఇతివృత్త లక్షణమని ఆయన అన్నాడు.

ఆ తరవాత జరిగేది అంతకంటే ముఖ్యం. ఈడిపస్ తనకూ లేయస్‌కూ పుట్టిన కొడుకేనని ముందే గ్రహించిన జొకాస్టా ఇక వెతకవద్దని బతిమాలుతుంది. అంతా తెలిసిన గొర్రెల కాపరి చెప్పనని మొరాయిస్తాడు. ఆగిపోయే అవకాశం ఈడిపస్ చేతిలో ఆఖరి క్షణం దాకా ఉంది. ఆగితే తను బతుకుతాడు, నగరం చనిపోతుంది, నిజం చీకట్లో ఉండిపోతుంది. భయంకరమైనది వినబోతున్నానని తెలిసి కూడా వినితీరాలని అతను నిశ్చయించుకుంటాడు. పొడుపుకథను విప్పిన బుద్ధి, నగరం కోసం తపించే బాధ్యత, నిజం ముందు వెనుకంజ వేయని తెగువ, ఇవే అతన్ని రాజును చేశాయి, ఇవే అతన్ని కూలుస్తున్నాయి. వీటిలో దేనిని లోపమని పిలవగలం? ఇంతకంటే తక్కువ మనిషి అయివుంటే క్షేమంగా ఉండేవాడు.

ఇక్కడ సహజంగా ఒక అభ్యంతరం వస్తుంది. అంతా దేవతలు ముందే రాసిపెట్టినప్పుడు అతని ఎంపికకు విలువేమిటి? దైవవాక్కు చెప్పినది హత్య గురించీ వివాహం గురించీ మాత్రమే. అతను విచారణ జరుపుతాడని గాని, కళ్ళు పొడుచుకుంటాడని గాని అది చెప్పలేదు. కళ్ళు పోగొట్టుకుని బయటికి వచ్చిన ఈడిపస్‌ను ఏ దేవత ఇలా చేయించాడని బృందగాయకులు అడిగితే, ఈ కష్టాలన్నిటినీ తెచ్చినవాడు అపోలో అనీ, కళ్ళ మీద పడిన దెబ్బ మాత్రం తన చేతిదేననీ అతను చెబుతాడు. విధిని విధికీ, తన పనిని తనకూ విడదీసి చెప్పగలగడం, రెండోదాన్ని తలకెత్తుకోవడం, అక్కడ అతను విధికి బలైన ప్రాణిగా కాక నాయకుడిగా నిలబడతాడు. అదే ఈడిపస్ వృద్ధాప్యంలో, సోఫోక్లీస్ చివరి నాటకంలో, తాను తెలియక చేసినదానికి తనను పాపి అనవద్దని వాదిస్తాడు. ఈ రెండు మాటలకూ మధ్య వైరుధ్యం లేదు. నేరం తనది కాకపోయినా పని తనదేనని ఒప్పుకోవడం అనే క్లిష్టమైన స్థితిని ట్రాజెడీ మాత్రమే ఇంత సూటిగా చూపగలిగింది.

షేక్‌స్పియర్ దగ్గరికి వస్తే దేవతలు వెనక్కి తగ్గి, మనిషి స్వభావం ముందుకు వస్తుంది. 1904లో విమర్శకుడు ఎ. సి. బ్రాడ్లీ ప్రచురించిన షేక్‌స్పియర్ విషాదాంత నాటకాల అధ్యయనం ఈ విషయంలో ఎంతో ప్రభావం చూపింది. లోపాల చీటీలకు ఆయన్నే మూలపురుషుడిగా చెప్పడం కొంత అన్యాయం. ఒక నాయకుడి ప్రధాన గుణమే అతని గొప్పతనమనీ, అతను చిక్కుకున్న పరిస్థితిలో ఆ గుణమే ప్రాణాంతకమవుతుందనీ ఆయన చెప్పాడు. గుణం ఒక్కటే చాలదు, పరిస్థితి ఒక్కటే చాలదు, రెండూ ఒకదానికొకటి సరిపోయిన చోట మనిషి చిక్కుకుంటాడు.

దీన్ని పరీక్షించడానికి ఇద్దరు నాయకులను ఒకరి నాటకంలో మరొకరిని పెట్టి చూడవచ్చు. తండ్రి ప్రేతాత్మ వచ్చి పినతండ్రి హంతకుడని ఒథెల్లోకు చెబితే, మరునాటికల్లా క్లాడియస్ ప్రాణాలతో ఉండడు. అక్కడ హామ్లెట్ నాటకం మొదటి అంకంలోనే ముగిసిపోతుంది. భార్య శీలాన్ని శంకించమని, ఒథెల్లోను వంచించిన యాగో హామ్లెట్ చెవిలో విషం పోస్తే, ఆ యువకుడు ముందు యాగోనే శంకిస్తాడు. ప్రేతాత్మ మాటను సైతం నమ్మక, రాజు ముందు ఒక నాటకం ఆడించి రుజువు చూసుకున్నవాడు ఒక చేతిరుమాలును సాక్ష్యంగా ఒప్పుకుంటాడా? ఇద్దరూ ఒకరి కష్టం నుంచి మరొకరు సునాయాసంగా బయటపడేవారే. హామ్లెట్‌కు ఆలోచన లోపం కాదు, తన నాటకంలో అది ప్రాణాంతకమైంది, అంతే. ఒథెల్లో గురించి యాగో స్వయంగా ఒక మాట అంటాడు. పైకి నిజాయితీగా కనిపించినవారంతా నిజాయితీపరులేనని నమ్మే నిష్కపటమైన స్వభావం అతనిదని. అంటే అసూయ అతనిలో ముందే కూర్చుని లేదు, అతని నమ్మకమే తలుపు తెరిచింది. శత్రువు అతని చెడ్డతనాన్ని కాదు, మంచితనాన్ని ఆయుధంగా పట్టుకున్నాడు. అతనికి అసూయాపరుడన్న చీటీ అంటించినవారు ఈ భయంకరమైన సత్యాన్ని దాటేసి వెళ్ళిపోతున్నారు.

నా వాదానికి గట్టిగా ఎదురు నిలిచేవాడు మాక్బెత్. అతను తెలియక పొరబడలేదు. తన ఇంటికి అతిథిగా వచ్చిన రాజును, తనకు బంధువైనవాణ్ణి, తనకు గౌరవం చేసినవాణ్ణి నిద్రలో పొడిచాడు. చంపబోయే ముందు, ఎందుకు చంపకూడదో కారణాలన్నీ తనే ఏకరువు పెట్టుకుని, అత్యాశ తప్ప తనను ముందుకు తోసేది మరేదీ లేదని ఒప్పుకున్నాడు కూడా. అరిస్టాటిల్ లెక్కన చూస్తే ఇది దుర్మార్గుడి పతనం, అందులో జాలికి చోటు ఉండకూడదు. అయినా జాలి ఉంది. షేక్‌స్పియరే రాసిన మూడో రిచర్డ్ ఇన్ని హత్యలు చేసినా మనకు అలా అనిపించదు. తేడా ఎక్కడుందంటే, రిచర్డ్‌కు దుష్టత్వం ఒక విద్య, మాక్బెత్‌కు అది తన ప్రకృతికి విరుద్ధమైన పని. హత్య చేసి వచ్చిన రాత్రి ప్రార్థన చివర ‘ఆమెన్’ అనే మాట తన గొంతులో ఎందుకు ఇరుక్కుపోయిందని అతను పదేపదే అడుగుతాడు. ఐదో అంకంలో, వార్ధక్యానికి తోడుగా రావలసిన గౌరవం, ప్రేమ, విధేయత, స్నేహితుల బలగం తనకు దొరకవని చెబుతాడు. తాను పోగొట్టుకున్నదాని విలువ ఎంతో ఆ నాటకంలో మాక్బెత్‌కు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అతని ఊహాశక్తి, తాను చేసినదాన్ని తనకే కళ్ళకు కట్టించే శక్తి, హత్యకు ముందు బాకును గాలిలో చూపించినది అదే, తరవాత నిద్రను దూరం చేసినదీ అదే. మంచితనం విషయంలో అతను అరిస్టాటిల్ గీసిన గీత దాటిపోయాడని ఒప్పుకోవాలి. కానీ చేసిన పనినీ, దాని అర్థాన్నీ తెలుసుకునే శక్తి అతన్ని వదిలిపోలేదు. అందుకే దోషం కొలతబద్దగా పెట్టుకున్నవారి కంటే ఎరుకను కొలతబద్దగా పెట్టుకున్నవారికే మాక్బెత్ సరిగ్గా అర్థమవుతాడు.

ఎరుక ఎప్పుడు వస్తుందన్నదీ, ఎంతవరకు వస్తుందన్నదీ నాటకాన్ని బట్టి మారుతుంది. ఒథెల్లో తన ఆఖరి ప్రసంగంలో తాను భార్యను తెలివిగా కాకున్నా అతిగా ప్రేమించినవాణ్ణని చెప్పుకుంటాడు. అది నిజమైన ఎరుక కాదనీ, తనకు తాను ధైర్యం చెప్పుకోవడమనీ కవి, విమర్శకుడు టి. ఎస్. ఎలియట్ 1927లో విమర్శించాడు. ఆ విమర్శ కొంత కఠినమైనదే గాని, నాయకుడి ఎరుక సంపూర్ణమని గుడ్డిగా నమ్మకూడదన్న హెచ్చరికగా ఉపయోగపడుతుంది. లియర్‌ది ఇంకో దారి. అతనికి ఎరుక తొందరగానే వచ్చింది. తుఫానులో తలదాచుకునే చోటు లేని పేదలను తలచుకుని, రాజుగా వారి గురించి తాను పట్టించుకోలేదని మూడో అంకంలోనే గ్రహించాడు. నాలుగో అంకం చివర కొర్డీలియా ముందు తాను తెలివితక్కువ ముసలివాణ్ణని ఒప్పుకుని క్షమాపణ అడిగాడు. నీతికథ అయితే అక్కడ ముగియాలి. షేక్‌స్పియర్ అక్కడ ఆపలేదు, నేర్చుకున్నవాడి చేతుల్లోనే కూతురి శవాన్ని పెట్టాడు. ఇది భరించలేక 1681లో నేహమ్ టేట్ అన్న కవి ఆ నాటకాన్ని మార్చి రాసి, లియర్‌కు రాజ్యం తిరిగి ఇప్పించి, కొర్డీలియాకు ఎడ్గర్‌తో పెళ్ళి నిశ్చయించాడు. దాదాపు నూటయాభై ఏళ్ళు రంగస్థలం మీద ఆ రూపమే రాజ్యమేలింది. తప్పుకు తగిన శిక్ష, పశ్చాత్తాపానికి తగిన బహుమతి ఉండాలన్న కోరిక ఎంత బలమైనదో దీన్నిబట్టి తెలుస్తుంది. ట్రాజెడీ సరిగ్గా ఆ కోరికను నిరాకరించే చోట నిలబడి ఉంటుంది.

ఇద్దరికీ న్యాయం ఉన్న నాటకంలో నాయకుడెవరు? ‘ఆంటిగొని’ చదివిన ప్రతివారికీ ఎదురయ్యే ప్రశ్న ఇది. దేశం మీదకు దండెత్తి వచ్చినవాడి శవాన్ని పూడ్చకూడదని రాజైన క్రియాన్ శాసనం చేశాడు. తోబుట్టువుకు అంత్యక్రియలు చేయడం ఏ శాసనానికీ లొంగని ధర్మమని ఆంటిగొని ఆ శాసనాన్ని ధిక్కరించింది. రెండు న్యాయాలు ఢీకొన్నాయనీ, ఒక్కొక్కటి ఎదుటిదాన్ని కాదనడమే వాటి తప్పనీ జర్మన్ తత్వవేత్త హెగెల్ చేసిన వ్యాఖ్య ప్రసిద్ధమైనది. నాటకం మూడింట రెండు వంతులు నడిచాక ఆంటిగొని రంగం మీదనుంచి వెళ్ళిపోతుంది, మళ్ళీ రాదు. మలుపూ ఎరుకా జరిగేది క్రియాన్‌కు. అతని విషయంలో ఒక వివరం నన్ను ఎప్పుడూ కలచివేస్తుంది. టైరీసియస్ హెచ్చరికతో మనసు మార్చుకున్న క్రియాన్‌కు, ముందు గుహలో బంధించిన ఆంటిగొనిని విడిపించి ఆ తరవాత శవానికి సమాధి కట్టమని పెద్దలు చెబుతారు. అతను వరుస తారుమారు చేసి, ముందు శవసంస్కారం జరిపించి ఆ తరవాత గుహకు వెళతాడు. అప్పటికే ఆమె ఉరిపోసుకుంది. ఆమెను పెళ్ళాడవలసిన కొడుకు హీమన్ తండ్రి కళ్ళముందే కత్తితో పొడుచుకుంటాడు, ఆ కబురు విని భార్య ప్రాణం తీసుకుంటుంది. అంతా క్రమపద్ధతిలో జరగాలని పట్టుబట్టే పాలకుడు తప్పు దిద్దుకునేటప్పుడు కూడా శాసనానికి సంబంధించిన పనినే ముందు పెట్టుకున్నాడు.

ఇన్ని లక్షణాలూ క్రియాన్‌లో కనబడుతున్నా, 1964లో బెర్నార్డ్ నాక్స్ అన్న పండితుడు సోఫోక్లీస్ నాయకుడి అసలు లక్షణం లొంగకపోవడమనీ, క్రియాన్ లొంగిపోయాడు కాబట్టి నాయకత్వం ఆంటిగొనిదేననీ వాదించాడు. నాకు ఈ వాదంలో ఎంతో బలం కనిపిస్తుంది. ఆమె గుణమూ ఆమె పతనమూ ఒక్కటే, తాను చేస్తున్న పనికి మరణమే ఫలితమని తెలిసి చేసింది, చేశానని అందరి ముందూ ఒప్పుకుంది. క్రియాన్‌లో లేనిది శ్రేష్ఠత్వం, ఆమెలో లేనిది తన పని తాను అనుకున్నది కాదని తెలిసివచ్చే మలుపు. విషాద నాయకుడికి కావలసినవి ఇద్దరు మనుషుల మధ్య పంచిపెట్టిన నాటకం అది, ఒక్కరిని ఎంచుకోమని అడగడమే బహుశా సరికాదు.

మన సంస్కృత నాటక సంప్రదాయంలో ఈ చర్చ వేరే దారిన నడిచింది. ధీరోదాత్తుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు, ధీరోద్ధతుడు అని నాయకులను విభజించిన లాక్షణికులు, నాయకుడి మరణాన్ని రంగం మీద చూపడాన్ని నిషేధించి, ఫలప్రాప్తితో నాటకం ముగియాలన్నారు. కరుణ రసం ఉంది, విషాదాంతం లేదు. అందుకే భాసుడిదిగా చెప్పే ‘ఊరుభంగం’ అంత ఆశ్చర్యం కలిగిస్తుంది. తొడలు విరిగి నేలమీద పడివున్న దుర్యోధనుడు అక్కడ నాయకుడు. పగ తీర్చుకుంటానని లేచిన బలరాముణ్ణి అతనే వారిస్తాడు. తొడమీద కూర్చోవాలని వచ్చిన చిన్న కొడుకు దుర్జయుణ్ణి కూర్చోబెట్టుకోలేక, తనకు సేవ చేసినట్టే పాండవులకూ సేవ చేయమని చెబుతాడు. అభిమానం అతని ప్రాణం, యుద్ధం తెచ్చినదీ ఆ అభిమానమే, చావును నిబ్బరంగా ఎదుర్కొనే బలం ఇచ్చినదీ అదే. ఆ నాటకకర్త పనినీ ఎరుకనూ ఒక్క మనిషిలో కలిపి చూపాడు. తెలుగులో పాశ్చాత్య ట్రాజెడీ ఛాయలో విషాదాంత నాటకానికి దారి వేసినది బళ్ళారికి చెందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు. ఆయన ‘విషాద సారంగధర’ మంగళాంతం తప్పనిసరి అన్న కట్టుబాటును దాటింది. అయితే చేయని నేరానికి శిక్ష అనుభవించిన సారంగధరుడు అరిస్టాటిల్ తోసిపుచ్చిన మొదటి రకానికి దగ్గరగా ఉంటాడు, తెలుసుకోక శిక్ష విధించి ఆ తరవాత నిజం తెలుసుకునే తండ్రి రాజరాజులోనే విషాద నాయకుడి లక్షణాలు ఎక్కువ.

ఇక మిగిలింది హోదా ప్రశ్న. నాయకుడు రాజో సేనానో అయివుండాలా? రాజు పడితే రాజ్యం పడుతుంది కాబట్టి పతనం కంటికి పెద్దదిగా కనిపిస్తుందన్నది నిజం. కానీ పైన చెప్పినదాని ప్రకారం కావలసినది ఎత్తైన పదవి కాదు, తన పనికి తాను కర్తగా నిలబడగల ఎత్తు. అమెరికన్ నాటకకర్త ఆర్థర్ మిల్లర్ 1949లో ‘డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్’ ప్రదర్శితమైన కొద్ది రోజులకే ఒక వ్యాసం రాసి, సామాన్యుడు కూడా రాజులంత తగిన విషాద నాయకుడేనని ప్రకటించాడు. తన ఆత్మగౌరవాన్ని నిలుపుకోవడానికి ప్రాణాన్నైనా పణంగా పెట్టేవాణ్ణి చూసినప్పుడు మనలో విషాదానుభూతి కలుగుతుందని ఆయన వాదం. అదే వ్యాసంలో ఆయన మరో గీత కూడా గీశాడు. ఎంతమాత్రం గెలవలేని పోరాటంలో ఓడిపోయినవాడు జాలి పుట్టిస్తాడు గాని ట్రాజెడీని పుట్టించడు, గెలిచే అవకాశం ఉండాలి.

ఆ గీత ఎంతో విలువైనది. జర్మన్ నాటకకర్త బుక్నర్ అసంపూర్తిగా వదిలి వెళ్ళిన ‘వొయ్‌జెక్’లోని పేద సైనికుణ్ణి పై అధికారి అవమానిస్తాడు, వైద్యుడు ప్రయోగాలకు వాడుకుంటాడు, చివరికి అతను ప్రియురాలిని హత్య చేస్తాడు. నాటకం శక్తిమంతమైనది, కానీ అతని చేతులు అతనివిగా మిగలకుండా ప్రపంచం ముందే లాక్కుంది. మిల్లర్ గీత ప్రకారం అతను జాలికి పాత్రుడు.

మిల్లర్ నాటకంలోని సేల్స్‌మన్ విల్లీ లోమన్ మాటేమిటి? అతనికి తప్పించుకునే దారి నిజంగానే ఉంది. పొరుగింటి చార్లీ ఉద్యోగం ఇస్తానంటాడు. వారం వారం అతని దగ్గర అప్పు తీసుకుంటూ, ఆ డబ్బును తన జీతంగా ఇంట్లో చూపించే విల్లీ ఆ ఉద్యోగాన్ని మాత్రం ఒప్పుకోడు. అమ్మకాలలో తాను మొనగాడినన్న కలను చార్లీ దయకు తాకట్టు పెట్టడం అతని వల్ల కాదు. ఇక్కడిదాకా అతను విషాద నాయకుడే, హోదా అడ్డుకాదు. చిక్కు ఎరుక దగ్గర వస్తుంది. చివరి రాత్రి పెద్ద కొడుకు బిఫ్, తామిద్దరమూ మామూలు మనుషులమేననీ, ఆ దొంగ కలను వదిలెయ్యమనీ ఏడుస్తాడు. విల్లీ అందులో కొడుకు ప్రేమను గుర్తించాడు, అది నిజమైన గుర్తింపు. కానీ వెంటనే, బీమా డబ్బు ఇరవై వేల డాలర్లు చేతిలో ఉంటే ఆ కొడుకు ఎంత గొప్పవాడవుతాడోనని అదే కలలోకి తిరిగి వెళ్ళి, కారు తీసుకుని చావుకు బయలుదేరాడు. సగం తెలుసుకున్నది, తెలుసుకోని మిగతా సగానికి ఇంధనమైంది. తండ్రికి తానెవరో ఎన్నడూ తెలియలేదని సమాధి దగ్గర బిఫ్ అంటాడు. విల్లీని విషాద నాయకుడు కాదనేవారు ఈ మాటనే సాక్ష్యంగా చూపుతారు. నేను వారితో పూర్తిగా ఏకీభవించలేను. తన పని తనదేనన్న బాధ్యత విల్లీకి ఉంది, దానికి అతను ప్రాణమిచ్చాడు, అతనికి లేనిది ఆ పని అర్థం మాత్రమే. ఆ అర్థాన్ని మిల్లర్ కొడుకు చేతికి ఇచ్చాడు. ఈడిపస్ ఒక్కడే మోసిన బరువు ఇక్కడ ఇద్దరి మీద పడింది, అందువల్ల విల్లీ స్థానం ఈడిపస్ పక్కన కాదు, క్రియాన్, ఆంటిగొని ఇద్దరూ కలిసి నిలబడిన చోట.